లాభం దగ్గరే ఆగిన లెక్క

“ఫొటో పోయింది,” అన్నాడు చీఫ్.

ఏ ఫొటో అని ఏజెంట్ బుచ్చయ్య అడగలేదు. బోర్డు లేని ఆ హైదరాబాద్ ఆఫీసులో ఇనప్పెట్టెలో పెట్టి దాచేంత ఫొటో ఒక్కటే ఉంది. అది యాకూబ్‌ది.

యాకూబ్ సరిహద్దు అవతల దర్జీ వేషంలో ఉన్నాడు. శత్రువుల మిలిటరీ యూనిఫారాలు కుడుతూ మనకు వార్తలు పంపుతున్నాడు. తమ మధ్య ఒక గూఢచారి ఉన్నాడని వాళ్లకు తెలుసు. ఎవడన్నదే తెలియదు. ఆ ముఖం వాళ్ల కంట పడిందా, యాకూబ్ పని అయిపోయినట్టే.

“విక్టర్ ముఠా ఎత్తుకుపోయింది,” చీఫ్ గొంతు తగ్గించాడు. “చిట్యాల దగ్గర కోళ్ల ఫారం. ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇవాళ మధ్యాహ్నం టెలిఫోన్ లైన్ మీద పంపిస్తున్నారు. మోడెమ్ అంటారులే. మనకున్న అదృష్టం ఒక్కటే. నెగటివ్ ఎప్పుడో కాల్చేశాం. ఇంకో కాపీ లేదు.”

“జీపులేసుకొని పోయి పడదాం సార్.”

“గేటు దగ్గర చప్పుడైతే ఫొటో ఇంకో చోటికి దాటిపోతుంది. జీపులు హైవే మీద ఉంటాయి. లోపలికి నువ్వొక్కడివే.”

బుచ్చయ్యది, యాకూబ్‌ది ఒకే ఊరు, కోస్గి. ఒకే కంచంలో తిని పెరిగారు. నెలకోసారి ఊరికి పోయి “అమ్మీ, యాకూబ్ దుబాయ్‌ల మంచిగున్నడు” అని వాడి తల్లి ఇక్బాల్ బీకి అబద్ధం చెప్పి, ఆమె పెట్టిన అన్నం తిని వచ్చేది బుచ్చయ్యే. ఇప్పుడు ఆ అబద్ధమే నిలబడాలని దేవుడికి మొక్కుకున్నాడు.

కోళ్లకు టీకాలేసే కాంపౌండర్ వేషం వేశాడు. ఐస్ డబ్బా అడుగున వైర్‌లెస్, జేబులో కెమెరా పెన్ను. గేటు దాటాడు, షెడ్లు దాటాడు, ఏసీ పెట్టె బిగించిన గది తలుపు దాకా పోయాడు. అంతవరకు బాగానే ఉంది.

తలుపు తీసింది మంజులత. నల్లగొండలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర చీర, నడిచి పోతుంటే బస్టాండంతా తల తిప్పే మనిషి. బుచ్చయ్యను కింది నుంచి మీదికి ఓసారి చూసింది.

“విక్టర్,” అంది ఇంగ్లిషులో. “ఇతను కాంపౌండర్ కాదు. గూఢచారి.”

అంతే. ఇద్దరు కాపలావాళ్లు వచ్చి బుచ్చయ్యను కుర్చీకి తాళ్లతో బిగించి, బయటికి పోయారు. విక్టర్ కెమెరా పెన్నును రెండు ముక్కలు చేసి నవ్వాడు. తెల్లగా, పొడుగ్గా, చెమటతో మెరుస్తున్నాడు. ఏసీ పనిచేయక పైన ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది.

“చూడనీ,” అన్నాడు తెలుగు రాని విక్టర్, ఇంగ్లిషులోనే. “వాడి దోస్తు ఎట్లా చస్తాడో వాడికి అర్థమయ్యేటట్టు చెప్పు.”

మంజులత కీబోర్డు ముందు కూర్చుంది. “ఫొటోను సన్నసన్న గీతలు చేసిన. దాన్ని పంపనీకి గీ స్క్రిప్ట్ రాసిన. ఒక గీత పంపు, కిందిగీతకు జరుగు, మళ్ల పంపు. అడుగు వచ్చేదాక చెప్పిందే చేస్తది. దీన్నే లూప్ అంటరు. గానుగెద్దు లెక్క.”

“నీ పాడుగాను, గానుగెద్దునన్న ఆపొచ్చు గదనే!” అని అరిచాడు బుచ్చయ్య.

ఆమె మీట నొక్కింది. మోడెమ్ కీచుమంది. తెర మీద అంకె కదిలింది.

నూటికి పది. యాకూబ్ జుట్టు అవతలికి చేరి ఉంటుంది. ఇరవై. నుదురు. బుచ్చయ్య కుర్చీతో సహా కింద పడి, గోడ దగ్గరి ప్లగ్గు వైపు పురుగులా పాకాడు. విక్టర్ బూటు అతని మెడ మీద పడింది. లేపి మళ్లీ యథాస్థానంలో కూర్చోబెట్టాడు. ముప్పై. కనుబొమ్మలు. సీతాఫలం చెట్టు మీంచి పడ్డ నాటి మచ్చ అక్కడే ఉంది.

ఇంత చేతకానితనం బుచ్చయ్య ఎన్నడూ ఎరగడు. తుపాకీకి ఎదురు పోవచ్చు. తిరిగే అంకెకు ఎట్లా ఎదురు పోతాడు? తెల్లారితే ఇక్బాల్ బీ ముందు ఏ ముఖం పెట్టుకొని నిలబడాలి? కళ్ల వెంట నీళ్లు వాటంతటవే కారాయి.

అప్పుడు వినిపించింది. మంజులత పెదవుల కింద ఏదో అంటోంది.

“లాభం… లాభం… లాభం…”

“ఏమిటది?” అన్నాడు విక్టర్.

“పాట,” అంది.

బుచ్చయ్య చెవులు రిక్కించాడు. కల్లంలో వడ్లు కొలిచేవాడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. లెక్క తప్పకుండా, రెండో కుంచం నిండేదాకా ఆ మాటే అంటూ ఉంటాడు. నిండితేనే రెండు. బుచ్చయ్య రెండు కోసం చూశాడు.

రాలేదు. తెర మీద యాభై దాటింది. ఆమె ఇంకా లాభం దగ్గరే ఉంది.

గీత కదలడం లేదా? లేక చిన్ననాటి అలవాటుతో నోరు ఆడుతోందా? తనను పట్టిచ్చిన మనిషిని నమ్మడమెట్లా? నమ్మక చేసేదేముంది? బుచ్చయ్య ఏడుస్తూనే ఉన్నాడు. అందులో దొంగ ఏడుపు చుక్క కూడా లేదు.

నూరు. మోడెమ్ నోరు మూసింది.

విక్టర్ బుచ్చయ్య తడి చెంపలు చూసి తృప్తిగా తలాడించాడు. పని కాగానే ఆనవాలు మిగల్చకూడదన్నది వాళ్ల ముఠా నియమం. హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేశాడు. ఫొటో తీసి అగ్గిపుల్ల గీశాడు. ఫ్యాన్ గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీస్తే అదీ ఆరిపోయింది. తిట్టుకుంటూ పిస్తోలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ అడ్డం పెట్టి మూడోది గీశాడు. ఫొటో అంటుకుంది.

ఫోన్ మోగింది. అవతలి గొంతు బుచ్చయ్యకు కూడా వినిపించేంత గట్టిగా అరిచింది.

“ఏం పంపావు? పై నుంచి కింది దాకా నల్లటి జుట్టే! మళ్లీ పంపు!”

విక్టర్ బూడిద వైపు చూశాడు. ఖాళీ కంప్యూటర్ వైపు చూశాడు. పిస్తోలు కోసం చెయ్యి చాపాడు. అదప్పటికే మంజులత చేతిలో ఉంది.

“కదలకు,” అంది ఇంగ్లిషులో. రెండో చేత్తో ఫోన్ లాక్కొని చీఫ్ నంబరు తిప్పింది. జీపుల కోసం చూస్తూ, బుచ్చయ్యతో తెలుగులో అంది: “నేను గూడ చీఫ్ సార్ మనిషినే. కిందిగీతకు జరుగు అన్న మాట రాయనే లేదన్నా. అంకె పెరిగింది గని, మొదటి గీతనే పోయింది, మళ్ల అదే పోయింది. మా బాపు మోత్కూర్ల వడ్లు కొలిచేటోడు. నీకు సమజైతదేమోనని అట్ల అన్న.”

“ముందే చెప్తే నీ సొమ్మేం పోయేదమ్మా?” అన్నాడు బుచ్చయ్య.

“చెప్తే గట్ల ఏడుస్తువా? నువ్వేడ్సుడు సూసే వాడు నమ్మిండు.”

జీపులు వచ్చాయి. విక్టర్‌కు, కాపలావాళ్లకు బేడీలు పడ్డాయి. చీఫ్ లోపలికి వచ్చి, తాళ్లు విప్పుతూ భుజం తట్టాడు.

“శభాష్ బుచ్చయ్యా! ఢిల్లీకి రిపోర్టు పోవాలి. ఈ ఆపరేషన్‌లో నువ్వేం చేశావో చెప్పు, రాసుకుంటాను.”

చేతులు విడిపోగానే బుచ్చయ్య చెంపలు తుడుచుకున్నాడు.

“ఏడ్సిన సార్.”