జేజురి కొండకు ఐదు మెట్లు

తెల్లవారకముందే వత్సల వంటింట్లో జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెట్టింది. రైలు ప్రయాణమంటే ఆ ఇంట్లో పాలు పోసి కలిపిన పిండితోనే రొట్టెలు చేస్తారు. మర్నాటికి కూడా మెత్తగా ఉంటాయి. పక్క పొయ్యి మీద పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ వేగుతుంటే కొల్హాపూర్‌లోని ఆ వీధి మొత్తం దగ్గుతున్నట్టుంది.

"ఎందరికి చేస్తున్నావు?" అని ముందుగదిలోంచి కేకేశాడు దినకరరావు.

"అయిదుగురం కదండీ."

"నలుగురికి చాల్లే. అతను తినేదెంత? పిట్టలా రెండు ముక్కలు గిల్లి లేస్తాడు."

అతను అంటే మకరంద్, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కేతకి మొగుడు. పెళ్ళయి నెల తిరగలేదు. ఇంతవరకూ దినకరరావు నోటి వెంట 'అల్లుడు' అనే మాట రాలేదు. ఎదురుగా కూర్చున్నా సరే, ఎవరో మూడో మనిషితో చెప్పించేవాడు. 'అతన్ని మంచినీళ్ళు తాగమను', 'అతనికి ఆ కుర్చీ ఇవ్వు' అంటూ ఇంట్లో గోడలకు చెప్పినట్టు మాట్లాడేవాడు.

దినకరరావు తాలింఖానాలో కుస్తీ నేర్పే వస్తాదు. ఊళ్ళో సగం మంది పహిల్వాన్లు ఆయన చేతి కింద మట్టి కరిచినవాళ్ళే. కొడుకులు లేరని ఆయన ఎన్నడూ బాధపడలేదు. కేతకికి నడక వచ్చీ రాగానే గోదాలోకి దింపాడు. ఆ పిల్ల రాష్ట్రస్థాయిలో పతకాలు తెచ్చింది. తెచ్చిన ప్రతిసారీ వీధివీధినా పాలకోవా పేడాలు పంచాడు. అలాంటి కూతురు పన్హాళా కోట మీదికి పరుగుల సాధనకు వెళ్ళి, అక్కడ బురుజు పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటున్న ఒక డ్రాయింగు మాస్టారిని ప్రేమించి వచ్చింది. మాస్టారు చూస్తే బక్కపలచన, ఎడమకాలు చిన్నప్పటి జ్వరంలో సన్నబడిపోయింది, చేతికర్ర లేనిదే నడవలేడు.

"రేపు నువ్వు పడితే ఎత్తేవాడెవడే?" అని ఆ రోజు దినకరరావు అరిచిన అరుపు వత్సల చెవుల్లో ఇంకా ఉంది. అది కోపం కాదు, భయం. ఆ సంగతి వత్సలకు తెలుసు. కానీ ఆ భయం ఆయన నోట్లోంచి ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది.

పెళ్ళి ఆపలేకపోయాడు. మూతి ముడుచుకుని పీటల పక్కన నిలబడి, అక్షింతలు వేసి, ఆఖర్న ఒక మెలిక పెట్టాడు. "మా ఇంటి ఆచారం ఒకటుంది. పెళ్ళయ్యాక జేజురి కొండకు, ఖండోబా దర్శనానికి వెళ్ళాలి. పెళ్ళికొడుకు పెళ్ళాన్ని ఎత్తుకుని ఐదు మెట్లు ఎక్కాలి. ఎక్కితే అల్లుడు. దీపావళికి పీట వేసి తలంటు పోసి కొత్తబట్టలు పెడతాను. ఎక్కలేకపోతే పండక్కి నా కూతురొక్కతే వస్తుంది."

"ఒక్కదాన్నే అయితే నేనూ రాను ఆబా. ఈ పండక్కే కాదు, ఏ పండక్కీ రాను" అంది కేతకి తండ్రితో.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే మట్టితో చేసిన మొండిఘటాలు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఇద్దరికీ రాదు. నడుమ నలిగేది వత్సలే. అందుకే ఆ పొద్దున రొట్టెలు తడుతున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే మొర. 'ఖండోబా, నా పిల్ల నా గడప తొక్కకుండా చేయకు.'

స్టేషన్లో కొత్తజంట ముందే వచ్చి కిటికీ పక్క సీట్లు పట్టి ఉంచారు. దినకరరావు అక్క గంగూబాయి కూడా వచ్చింది. పెళ్ళిళ్ళలో ఆచారం తప్పితే ఆవిడకు అన్నం సయించదు. ఆవిడ మకరంద్‌ను పైనుంచి కిందికి చూసి, పక్కన సంచీ పెట్టుకుని చతికిలబడింది.

రైలు మిరజ్ దాటేసరికి రొట్టెల మూట విప్పారు. మిరపకాయ పచ్చడి, గుత్తివంకాయ, గడ్డపెరుగు. మకరంద్ మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకుని, అయినా ఆపకుండా తిన్నాడు. మూడో రొట్టె అడిగి మరీ పెట్టించుకున్నాడు. వత్సల ఓరకంట భర్త వైపు చూసింది. ఆయన కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తున్నాడు.

"ఇంట్లో వంటా వార్పూ ఎవరు చేస్తారే?" అని ఆరా మొదలుపెట్టింది గంగూబాయి.

"కూర నేను. చపాతీలు అతను. నావి భారతదేశం పటంలా వస్తాయి ఆత్యా" అంది కేతకి.

"అయ్యో రాత! మగాడి చేత చపాతీలా?"

మకరంద్ నవ్వాడు. "ఖండోబా అంతటివాడే బానూబాయి మీద మనసుపడి వాళ్ళింట్లో గొర్రెలు కాశాడు కదా ఆత్యా. నేను నాలుగు చపాతీలు వత్తితే నా సొమ్మేం పోయింది?"

గంగూబాయి నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. నోట్లో ఉన్న పెరుగు కాస్తా చీర మీద పడింది. దినకరరావుకు అది కంటగింపైంది.

"అతనికి చెప్పండి, మాటలతో మెట్లెక్కలేరు. మా రోజుల్లో వత్సలను ఎత్తుకుని నేను ఐదు కాదు, మెట్ల మధ్య తొలి రాతి కమాను దాకా ఎక్కాను. జేజురి జేజురంతా నోరు తెరుచుకుని చూసింది. వాయిద్యాలవాళ్ళు వాయించడం మానేశారు!"

ఈ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కేతకి చిన్నప్పుడు అది ఐదు మెట్లే. బడికి వెళ్ళే వయసుకు పాతికైంది. ఇప్పుడు ఏకంగా కమాను దాకా చేరింది. వత్సల వేరుశనగలు ఒలుస్తూ తల వంచుకుని కూర్చుంది. ఆ కథ వచ్చినప్పుడల్లా ఆమెకు ఒలవడానికి ఏదో ఒకటి దొరికేది.

సాతారాలో దినకరరావు దిగి పేడాలు కొన్నాడు. అక్కకు రెండు, పెళ్ళానికి రెండు ఇచ్చి, కూతురి చేతిలో నాలుగు పెట్టాడు. "రెండు అతనికి" అన్నాడు ఎటో చూస్తూ.

"మీ చేత్తో ఇస్తే అరిగిపోతారా ఆబా?"

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

జేజురిలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. కొండ కింద వీధంతా పసుపు. మనుషులు పసుపు, మెట్లు పసుపు, కుక్కలు కూడా పసుపు. పైన కోటగోడలు బంగారంలా మెరుస్తున్నాయి. ఎక్కడ చూసినా కొత్తజంటలే. ఒకడు పెళ్ళాన్ని ఎత్తుకుని రొప్పుతుంటే మిగతావాళ్ళు "యేళకోట్ యేళకోట్ జయ మల్హార్!" అంటూ గుప్పిళ్ళతో బండారు పసుపు చల్లుతున్నారు. గంగూబాయి అందరి నుదుటా పసుపు మెత్తింది. దినకరరావు కళ్ళు మూసుకుని మొక్కుకున్నాడు. ఆయన ఎవరికైనా భయపడతాడంటే అది ఒక్క మల్హారి ఖండోబాకే.

తరవాత చేతులు కట్టుకుని మొదటి మెట్టు పక్కన నిలబడ్డాడు. "ఊఁ, కానివ్వమను."

మకరంద్ చెప్పులు విడిచాడు. చేతికర్ర వత్సలకు ఇచ్చాడు.

"వద్దు మకరంద్. నువ్వెవరికీ ఏమీ రుజువు చేయక్కర్లేదు" అంది కేతకి.

"రుజువు కోసం కాదు. నిన్ను ఎత్తుకోవాలని నాకూ ఉండదా ఏం?" అన్నాడతను మెల్లగా.

వంగి, ఆమె మోకాళ్ళ కింద చెయ్యి వేశాడు. పళ్ళు బిగించి లేపాడు కూడా. ఒక్క క్షణం కేతకి పాదాలు నేల విడిచాయి. మెట్టెక్కడానికి కుడికాలు ఎత్తాడు. బరువంతా మీద పడేసరికి ఎడమకాలు గడ్డిపరకలా వాలిపోయింది. పడబోయినవాణ్ణి కేతకే పట్టుకుంది. చుట్టూ ఎవరో పళ్ళు ఇకిలించారు. మకరంద్ మొహం ఎర్రబడింది.

దినకరరావు వెనక్కి తిరిగాడు. "సరే. ఆచారం ఆచారమే. నేను ముందే చెప్పాను. రేపు పిల్ల పడితే ఎత్తే దిక్కెవరు? పదండి, దర్శనం చేసుకుని పోదాం."

కేతకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయితే మాకిక్కడే సెలవు ఆయీ" అంది తల్లితో. మొగుడి చెప్పులు అందుకోవడానికి వంగింది.

వత్సలకు లోపల ఏదో తెగింది. ఇన్నేళ్ళూ ఏ మాట దాచుకుని వేరుశనగలు ఒలిచిందో ఆ మాట గొంతు దాకా వచ్చేసింది.

"ఏవండీ, ఆగండి. నన్ను ఎన్ని మెట్లు మోశారు?"

"ఇప్పుడెందుకే ఆ సంగతి?"

"ఇప్పుడే చెప్పండి. నుదుట బండారు పెట్టుకుని, మల్హారి ఎదురుగా నిలబడి చెప్పండి. ఎన్ని?"

దినకరరావు పైన కోట వైపు చూశాడు. అంతటి వస్తాదు, బడిలో దెబ్బలకు చెయ్యి చాచిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఒక్కటీ లేదు" అన్నాడు చివరికి.

"ఏమిట్రా దినూ?" అని గంగూబాయి బుగ్గలు నొక్కుకుంది. "నాతో కూడా అబద్ధమేనా?"

"పెళ్ళికి ముందు జాతర కుస్తీలో ఈయన నడుము పట్టేసింది వదినా" అంది వత్సల. "వంగితే లేవలేరు, లేస్తే వంగలేరు. వస్తాదు పరువు పోతుందని జనం లేని వేళ చూసుకుని వచ్చాం. సంచీ నేనే మోశాను. ఈయన్ని కూడా నేనే మోశాను. నా భుజం మీద బరువంతా వేసి పైదాకా ఎక్కారు. నాకప్పుడు ఇరవై నిండలేదు. ఎవరికీ చెప్పకు వత్సలా అన్నారు, చెప్పలేదు. మెట్లు పెంచుకుంటూ పోయారు, ఊరుకున్నాను. మరి మన సంసారం ఏమైనా ఆగిందా? పడితే ఎత్తేదెవరని పిల్లనడుగుతున్నారే, మీరు పడ్డప్పుడు ఎత్తిందెవరండీ?"

దినకరరావు తల ఎత్తలేకపోయాడు.

కేతకి తల్లి మొహం వైపు చూసింది. తరవాత చెప్పులు కింద పడేసింది. తొమ్మిది గజాల చీర కాసె గట్టిగా బిగించి, కొంగు నడుముకు చుట్టుకుంది. గోదాలోకి దిగే ముందు చేసే అలవాటు కొద్దీ నేల తాకి కళ్ళకద్దుకుంది.

"రా" అంది మొగుడితో.

మకరంద్ ఆమెనూ చుట్టూ ఉన్న జనాన్నీ చూశాడు. ఎర్రబడ్డ మొహం మీదే నవ్వు వచ్చింది. "వస్తాదు కూతురా, చూసుకో. పడేశావంటే చపాతీలకు మనిషి ఉండడు."

"నోరు మూసుకుని మెడ పట్టుకో."

ఆమె వంగి అతన్ని ఎత్తబోయింది.

"నడుము వంచకు!"

పిడుగులాంటి ఆ కేక దినకరరావుది. అది ఆయనకే తెలియకుండా వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? మోకాళ్ళ మీద కూర్చో! బరువు ఛాతీకి ఆనించు! ఆఁ, ఇప్పుడు లే!"

కేతకి లేచింది. చేతుల్లో మకరంద్ ఉన్నాడు.

"ఊపిరి బిగపట్టకు! కుడికాలు! ఒకటి!" దినకరరావు పక్కనే మెట్లెక్కుతున్నాడు, చేతులు రెండూ చాచి, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా. "రెండు! కళ్ళు పైకి పెట్టు, కింద చూడకు! మూడు! మకరంద్, నువ్వు కదలకు బాబూ, బిగుసుకుపోకు, వదులుగా ఉండు! నాలుగు! ఐదు!"

"యేళకోట్ యేళకోట్ జయ మల్హార్!" అని మొదట అరిచింది గంగూబాయి. ఆ తరవాత మెట్లన్నీ అరిచాయి. బండారు మబ్బులా లేచింది. కేతకి తొలి కమాను దాకా ఆగలేదు. ఆరు, ఏడు దాటాక దినకరరావు లెక్క వదిలేశాడు. రెండు గుప్పిళ్ళ నిండా పసుపు తీసి కూతురి మీదా అల్లుడి మీదా చల్లుతూ, పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి భుజం కుదిపేస్తూ అన్నాడు. "అదుగో, మోసుకుపోతోందే, అది నా కూతురు! ఆ చేతుల్లో ఉన్నాడే, వాడు నా అల్లుడు!"

కింద వత్సల చేతికర్ర పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ నిలబడిపోయింది. కాసేపటికి దినకరరావు దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. మొహమంతా పసుపు, కన్నీళ్ళు జారినచోట మాత్రం రెండు చారలు. ఆమె మోస్తున్న ప్రయాణపు సంచీ తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

"నడుము జాగ్రత్తండీ."

"అందుకే అడుగుతున్నాను, భుజం ఇవ్వు" అన్నాడు. పట్టపగలు, జేజురి జేజురంతా చూస్తుండగా, పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి వస్తాదు మెట్లెక్కాడు.

సాయంత్రం తిరుగు రైల్లో ఎదురుసీటు ముసలాయన ఈ పసుపు గుంపును చూసి "జేజురి నుంచా?" అని అడిగాడు. అడగడమే పాపమైంది.

"ఇదిగో, ఈ పిల్ల మొగుణ్ణి ఎత్తుకుని కొండ సగం దాకా ఎక్కిందండీ!" అని మొదలుపెట్టాడు దినకరరావు. "అల్లుడుగారూ, ఆ కిటికీ కాస్త మూయండి, గాలికి నా మాట వినబడదు. ఆఁ, కొండ సగం దాకా!"

"తొలి కమాను దాకా" అంది వత్సల వేరుశనగలు ఒలుస్తూ.

"సరే, కమాను దాకా." ఆయన ఆమె చేతిలోంచి నాలుగు గింజలు తీసుకుని ముసలాయన వైపు వంగాడు. "అదేం గొప్పండీ! మా ఆవిడ ఉందే, నన్ను పైదాకా మోసింది."

వత్సల తల ఎత్తి ఆయన వైపు చూసింది. ఈసారి ఆ కథలో ఒక్క మెట్టు కూడా ఎక్కువ లేదు.