మూడు పప్పుల కాయలు

"ఎవరమ్మా నువ్వు? మా విత్తనం కాయలు నమిలేదానికి వచ్చినావా?"

సంజీవమ్మ తలెత్తి నవ్వింది. లక్ష్మీనరసింహ దినామూ అడిగేది ఇదే.

"ఒలిచేదానికి వచ్చినానప్పా. నేను నమిలింది నువ్వు చూసినావా?"

"ముక్కు మీద చెనక్కాయ పొట్టుండాది. ఇంగ చూసేదేముండాది?"

పొట్టు నిజంగానే ఉంది. అతను ఆ మాట అనాలని ఆమే అంటించుకుంటుంది.

వానల్లేక బావిలో నీళ్లు అడుక్కి పోయినప్పుడు, డీజిల్ ఇంజిన్ను బావిలోకే దింపి, పక్కనే కూర్చుని ఆడించాడు లక్ష్మీనరసింహ. పొగ పైకి రాలేదు. అతన్ని పైకి లాగేసరికి ప్రాణం మిగిలింది. పాత సంగతులు మిగిలాయి. కొత్తవి మాత్రం తెల్లారితే నిలవవు. సంజీవమ్మ ఆ ఇంటికి కూలికి వచ్చింది ఆ తర్వాతే.

"మెదడులో ఎంజైములని ఉంటాయంట," అంటుంది అతని తల్లి తిమ్మక్క, బెంగళూరు డాక్టరు చెప్పింది తలుచుకుని. "పాలకు తోడు మాదిరి. చూసిందీ విన్నదీ నరాల సందున గట్టిపడేది వాటివల్లేనంట. పొగకు మా వానికి ఆ చోటు చెడింది. చేతి అలవాటు నిలిచే చోటు వేరేనంట."

ఆ రోజు సంజీవమ్మ అన్న కొల్లప్ప మూట చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఈ కరువులో ఈడేముండాది? బెంగళూరికి కూలికి పోదాం పా. వాని కోసం ఉంటానంటావా? నీ పేరు వాన్ని చెప్పమను, చెప్తే నేనొక్కన్నే బస్సెక్కుతా."

తిమ్మక్క కొడుకు వైపు తిరిగింది. "ఈ పిల్ల పేరేందిరా?"

అతను ఆమె వైపు చూశాడు. "తెలీదుమా."

సంజీవమ్మ కొంగు దులుపుకుని లేచింది.

లక్ష్మీనరసింహ ఒలుస్తూనే ఉన్నాడు. చేతికి మూడు పప్పుల కాయ తగిలింది. ఒలవకుండా వెనకాల గిన్నెలో వేశాడు. గిన్నెలో అన్నీ అవే.

"అవెవరికప్పా?" అన్నాడు కొల్లప్ప.

"తెలీదన్నా. ఆడ వేయల్ల. వేయకుంటే చెయ్యి ఊరుకోదు."

మూడు పప్పుల కాయలంటే తనకు ప్రాణమని ఒలుస్తూ అతనితో ఎన్నోసార్లు అంది సంజీవమ్మ. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తిమ్మక్క దినామూ ఒళ్లో పోసే కాయలు అవే.

"నువ్వు పెడతాండావనుకున్నా కదత్తా," అంది.

"చెప్తే ఈడ ఇరుక్కుంటావని చెప్పలేదమ్మా." తిమ్మక్క తల దించుకుంది.

"రేపు గూడా ఎవరంటాడు," అన్నాడు కొల్లప్ప.

"అంటాడన్నా. ముసిలిదాన్నైనా అంటాడు." సంజీవమ్మ మళ్లీ చేట ముందు కూర్చుంది.

పెళ్లి పీటల మీద లక్ష్మీనరసింహ పక్కకు వంగి అడగనే అడిగాడు.

"ఎవరమ్మా నువ్వు? ముక్కు మీద పొట్టుండాది."

"ఉండనీప్పా," అంది సంజీవమ్మ. "ముందు తాళి కట్టు."