అక్క ఆపింది, అది ఆపలేదు

ఆస్పత్రిలో అందరికీ ఆవిడ డాక్టరమ్మ. ఇంట్లో మాత్రం చిట్టి. స్కాన్ బొమ్మలు చూసి ఒంట్లో ఏముందో చెప్పడం ఆవిడ పని. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల కాలేయాలన్నీ చూసిన మనిషి, ఆ మధ్యాహ్నం సొంత అక్క కాలేయం చూడటానికి కూర్చుంది. గుండె దడదడలాడాలి. ఆడలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లినా తెలియదే, అలా ఉంది ఆవిడకి.

కడుపునొప్పని వెళ్తే మామూలు స్కానింగులో అక్క కాలేయంలో నిమ్మకాయంత గడ్డ బయటపడింది. అదెలాంటి గడ్డో తేల్చాలి. రక్తనాళాలు చుట్టలు చుట్టుకున్న ఉత్తి ముద్దయితే దాని మానాన దాన్ని వదిలేయొచ్చు. క్యాన్సరయితే వదలడానికి లేదు. వాళ్లమ్మ దాంతోనే పోయింది.

ఎంఆర్ఐ గది నేలమాళిగలో ఉంది. కిటికీల్లేవు. ఎముకలు కొరికే చల్లదనం, స్పిరిటు వాసన. గోడ వెనక యంత్రం తాలూకు పంపు ఏదో ఎడతెగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. గాజు అద్దం అవతల, సొరంగంలాంటి ఆ యంత్రంలోంచి అక్క పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మీ బావ ముందు కూడా నేనింతసేపు నోరుమూసుకుని ఉండలేదే చిట్టీ," అంది అక్క స్పీకర్లో.

పక్కన కూర్చున్న టెక్నీషియన్ నవ్వాడు. చిట్టి కూడా నవ్వాననుకుంది.

మొదటి బొమ్మల్లో గడ్డ బల్బులా తెల్లగా వెలిగింది. మంచి గుర్తే. ఆ ఉత్తి రక్తపు ముద్దలు అలాగే వెలుగుతాయి. ఇక నరంలోకి మందు ఎక్కించి చూడాలి. కాలేయంలో క్యాన్సరయితే ఆ మందుని గబుక్కున పీల్చుకుని, అంతే గబుక్కున వదిలేసి నల్లబడుతుంది. రక్తపు ముద్దయితే అంచుల్నుంచి లోపలికి తీరిగ్గా నిండుతుంది.

మందు ఎక్కించి టెక్నీషియన్ మైకు నొక్కాడు. "గాలి వదలండమ్మా... ఇక ఊపిరి బిగబట్టండి."

యంత్రం రొదపెట్టింది. తెర మీద బొమ్మ తేలింది. పక్కటెముకలు, వెన్నెముక, కాలేయం అంచు, అన్నీ కత్తితో గీసినట్టున్నాయి. గడ్డ ఒక్కటే చెదిరిపోయింది.

"ఆవిడ కదిలినట్టున్నారు మేడం."

"మనిషి కదిలితే బొమ్మంతా చెదరాలి. ఇదొక్కటే చెదరడమేంటి? మళ్లీ తియ్యి."

మళ్లీ తీశాడు. మళ్లీ అంతే.

అక్క పొట్టకి కట్టిన బెల్టు ఆవిడ ఊపిరిని తెర మీద గీతగా చూపిస్తుంది. మూడోసారి చిట్టి బొమ్మని వదిలేసి ఆ గీతనే చూస్తూ కూర్చుంది. అక్క బిగబట్టగానే గీత చదునైంది. అలాగే సాగింది. సాగింది... దాని మీద చిన్న అల లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఆదమరిచి నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరిలా, నెమ్మదిగా... హాయిగా...

"మేడం..." టెక్నీషియన్ ఆ అల మీద వేలు పెట్టాడు. "అది... ఎవరిది?"

స్పీకర్ చిన్నగా గరగరలాడింది. అక్క గుసగుస.

"చిట్టీ... నేను ఆపాను. అది ఆపట్లేదు."

చిట్టికి ఒళ్లు జలదరించాలి. జలదరించలేదు. "ఇంకొంచెం ఓపిక పట్టు అక్కా," అంది, అలవాటైన మాట కాబట్టి.

చివరి బొమ్మలొచ్చాయి. చెదిరిన ఆ ఆకారంలోనే మందు అంచుల్నుంచి లోపలికి తీరిగ్గా నిండింది. నల్లబడలేదు. ఆవిడ చదువుకున్న ఏ లెక్కన చూసినా అది రక్తపు ముద్దే. టెక్నీషియన్ కళ్లు తిరుగుతున్నాయంటూ బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బయట బెంచీ మీద బావ ఉన్నాడు. "క్యాన్సర్ కాదు బావా. ప్రాణానికేం భయం లేదు," అని చెప్పింది. ఆయన గోడకి జారబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని, కారు తెస్తానని మెట్లెక్కాడు.

బట్టలు మార్చుకునే గదిలో అక్క బల్ల మీద కూర్చుని ఉంది. సూది తీసిన చోట దూది అదుముకుంటోంది.

"ఏడ్చాడా మీ బావ?"

"ఏడ్చాడు."

"పిచ్చి మనిషి!"

చిట్టి కింద కూర్చుని అక్క కాలికి ఒక చెప్పు తొడిగింది. గదిలో ఏదో తక్కువైనట్టనిపించింది. తలెత్తి చూసింది. అక్క ముఖంలో నవ్వు అలాగే ఉంది. ఛాతీ మాత్రం కదలడం లేదు. లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టింది. గాలి తగల్లేదు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది.

తగల్లేదు...

"అక్కా. ఊపిరి తీసుకో."

అక్క ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించింది. తన కుడి డొక్క మీద పెట్టుకుంది. బట్ట కింద అక్కడ మాత్రం వెచ్చగా లేస్తోంది... పడుతోంది... లేస్తోంది...

"నాకెందుకే," అంది ముద్దుగా. "అది తీసుకుంటోందిగా."

కారొచ్చిందని పైనుంచి బావ కేకేశాడు. చిట్టి మళ్లీ కింద కూర్చుని, రెండో చెప్పు తొడిగింది.