ఫిడేలు ఒక్కటే చాలన్నారు

డెల్ఫియా సంతకి చేరేసరికి ఆమె చోట్లో ఎవరో ఒకతను నిలబడి పాడుతున్నాడు.

అమెరికా కొండల్లోని సోర్‌వుడ్‌లో శనివారం సంత పాత రైల్వే స్టేషను రేకుల షెడ్డు కింద జరుగుతుంది. షెడ్డు చివర, పక్క గోడల్లేని ట్రెయిలరు ఒకటి ఆపి ఉంటుంది. పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ అదే వేదిక. పొద్దుటి పూట అది డెల్ఫియాదీ, ఆమె తండ్రి హోబర్ట్‌దీ. ఆమె ఫిడేలు, ఆయన బాంజో. ఆ రోజు వాళ్ళ పాత ట్రక్కు మొరాయించి ఆలస్యమైంది. ఈలోగా ఈ పొడుగాటి మనిషి గిటారు తగిలించుకుని ఎక్కేశాడు.

పాట అయ్యేదాకా ఓపిక పట్టింది.

"ఏమండీ, ఇది మా చోటు."

"ఎక్కడా పేరు రాసిలేదండీ. వెతికాను."

"సంత మొత్తానికి తెలుసు. రాసిపెట్టక్కర్లేదు."

"నేనీ ఊరికి కొత్త. నా సంగతి తెలియడానికి సంతకి కాస్త టైమివ్వండి."

"తెలిసిపోయింది లెండి. ముక్కుతో పాడతారు."

టమాటాల బల్ల వెనకాల వెర్నా ఫక్కున నవ్వింది. అమ్మేది కూరగాయలే అయినా సంత పెత్తనమంతా ఆవిడదే. "నేనే ఎక్కమన్నానే పిల్లా! మీరు రాలేదు, జనమేమో దిక్కులు చూస్తున్నారు. కొట్లాడుకోవడమెందుకు, కలిసి వాయించండి."

డెల్ఫియా పెట్టె తెరిచి ఫిడేలు తీసింది. కలిసి వాయిద్దామని కాదు, వాయించి అతన్ని కిందికి దింపుదామని.

అతను మొదలుపెట్టిన పాటని ఆమె రెండో చరణంలో అందుకుని ఒక్కసారిగా వేగం పెంచేసింది. అతను తగ్గలేదు. పైగా చెప్పాపెట్టకుండా శృతి మార్చేశాడు. క్షణం పాటు ఆమె కమాను తడబడింది. మరుక్షణం అందుకుని ఇంకా పరుగెత్తించింది. అతను నవ్వాగక సగం మాటలు మింగేశాడు. మొక్కజొన్న కంకుల సంచులు కింద పెట్టి జనం చుట్టూ చేరారు. హోబర్ట్ బాంజో పెట్టె మీదే కూర్చుని, బాంజో తియ్యడం మరిచిపోయి చూస్తున్నాడు.

పాట అయ్యాక అతను చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నాడు. "ఇంకా ముక్కుతోనేనా?"

"ఇప్పుడు నోరు కూడా కాస్త వాడారు."

అతని పేరు లోవెల్. బడి పిల్లల బస్సు నడపడానికి ఆ ఊరొచ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ ట్రెయిలరు మీద ముగ్గురు కనిపించేవారు. 'అండీ'లు రెండు వారాలు కూడా నిలవలేదు.

"డెల్ఫీ, నీ కళ్ళెప్పుడూ ఆ ఫిడేలు మీదే ఉంటాయేం? అప్పుడప్పుడు ఇటు కూడా చూడరాదూ?"

"అటు చూస్తే తప్పుతాను."

"అంత అందంగా ఉన్నానా?"

"అంత భయంగా ఉంటుంది. గొంతెత్తి పాడేటప్పుడు నీ మొహం చూసుకున్నావా ఎప్పుడైనా?"

జులైలో ఒక శనివారం కొండ అవతలి నుంచి వాన దూసుకొచ్చింది. కొనేవాళ్ళు ట్రక్కుల్లోకి పరుగెత్తారు. అమ్మేవాళ్ళు బల్లల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్నారు. హోబర్ట్ ట్రక్కు సీట్లో కునుకు తీశాడు. రేకుల మీద వాన దరువు వేస్తుంటే లోవెల్ మెల్లగా ఒక కొత్త పాట అందుకున్నాడు. వచ్చిన దారి మరిచిపోయిన బాటసారి, ఇక వెనక్కి తిరగను అనుకుంటాడు. అంతే, అక్కడితో ఆగిపోయింది.

"రెండో చరణమేది?" అంది డెల్ఫియా.

"నువ్వు ఒప్పుకుంటే రాస్తాను."

"దేనికి ఒప్పుకోవాలి?"

"పాడాను కదా!"

"ముక్కుతో పాడావు. అర్థం కాలేదు."

అతను గిటారు పక్కన పెట్టేశాడు. ఎప్పుడూ తడుముకోని మనిషి, మాట కోసం కాసేపు వాన వంక చూశాడు. "నువ్వంటే నాకు ఇష్టం, డెల్ఫీ. ఇంతకంటే బాగా చెప్పడం రావటం లేదు."

ఆమె జవాబు చెప్పేలోగా ఉల్లిపాయల బుట్టల వెనక నుంచి వెర్నా గొంతు వినిపించింది. "దానికీ ఇష్టమేనయ్యా! ఊరందరికీ తెలిసినదాన్ని నోటితో చెప్పించుకోవాలా? వచ్చి ఈ పట్టా చివర పట్టుకో, నా ఉల్లిపాయలు తడుస్తున్నాయి!"

అతను పట్టా పట్టుకున్నాడు. ఆమె రెండో చివర పట్టుకుంది. ఇద్దరూ తడిసి ముద్దై, ఒకరినొకరు చూసుకుని నవ్వుతూనే ఉన్నారు.

మరుసటి వేసవిలో మార్లిస్ టాకెట్ వచ్చింది.

ఆ కొండల్లో ఆవిడ పాట తెలియని వంటిల్లు లేదు. పక్క లోయలోనే పుట్టి నాష్‌విల్ వెళ్ళి పెద్ద గాయని అయింది. మేనత్త అంత్యక్రియలకని వచ్చి, చిక్కుళ్ళు కొనుక్కుందామని సంతలో ఆగింది. మూడు పాటలు నిలబడి విన్నది. తర్వాత ట్రెయిలరు దగ్గరికొచ్చింది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు తల్లీ?"

"మా తాత దగ్గరండీ."

"నా దగ్గర ఫిడేలు వాయించే అతను మానేస్తున్నాడు. చలికాలమంతా బస్సులో ఊళ్ళు తిరగాలి. వస్తావా?"

డెల్ఫియా లోవెల్ వైపు చెయ్యి చూపించింది. "మేమిద్దరం కలిసి…"

మార్లిస్ అతని వంక దయగానే చూసింది. "బాగా పాడతావు బాబూ. కానీ పాడటానికి నేనున్నాను. గిటారుకి ఇద్దరున్నారు. నాకు ఫిడేలు ఒక్కటే చాలు."

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే కోపమన్నా తెచ్చుకోవచ్చు.

ఆవిడ వెళ్ళిపోయాక లోవెల్ పెద్దగా నవ్వాడు. "డెల్ఫీ! ఇంత అదృష్టం ఎవరికొస్తుంది? వెళ్ళు! సాగనంపేటప్పుడు ఏడవను లే. ఏడిస్తే బస్సులో పిల్లలు ఏడిపిస్తారు." నోరు నవ్వుతూనే ఉంది. చెయ్యి మాత్రం, శృతిలోనే ఉన్న తీగని మళ్ళీ మళ్ళీ బిగిస్తోంది.

ఆ సాయంత్రం హోబర్ట్ మొక్కజొన్న రొట్టె తుంచి చిక్కుళ్ళలో అద్దుకుంటూ అన్నాడు. "వెళ్ళు."

"మీరొక్కరూ ఎలా ఉంటారు నాన్నా?"

"నాకు బాంజో ఉంది. కుక్క ఉంది. గనిలో ఇరవై ఏళ్ళు చీకట్లో ఉన్నవాణ్ణి, ఇంట్లో ఉండలేనా? నన్ను సాకు చెయ్యకు. వెళ్ళకపోతే, ఎందుకు వెళ్ళలేదో నీకైనా నిజం చెప్పుకో."

ఆమె చెప్పుకుంది. ఆ తీగ బిగిస్తున్న చెయ్యి కళ్ళముందు నుంచి పోవడం లేదని చెప్పుకుంది. సోమవారం మార్లిస్‌కి ఫోన్ చేసి రాలేనంది.

"ఎవరైనా వద్దన్నారా తల్లీ?"

"లేదండీ. నాకే వద్దనిపించింది."

తర్వాత బస్సులు నిలిపే చోటికి వెళ్ళి లోవెల్‌తో చెప్పింది. అతను చేతిలోని తుడుపు గుడ్డతో అలాగే నిలబడిపోయాడు.

"నా కోసం మానుకున్నావా?"

"అబ్బో, నీ కోసమా! బస్సులో పడుకుంటే నాకు మెడ పట్టేస్తుంది."

అతను నవ్వి ఆమెని దగ్గరికి తీసుకున్నాడు. అతని చొక్కా నిండా సబ్బు వాసన. కళ్ళు మూసుకుని, ఇంతకంటే ఏం కావాలి అనుకుంది డెల్ఫియా. ఇంకేమీ అక్కర్లేదనే నిజంగా నమ్మింది.

ఆ నెలలోనే అతను హోబర్ట్ దగ్గరికి వచ్చి పిల్లనడిగాడు. పెద్దాయన అతన్ని అరుగు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా కూతురి చెయ్యి అడుగుతున్నావు. అది సరే అంటే నాదేముంది, ఇచ్చాను. కానీ ఆ చేతిలో కమాను కూడా ఉంటుంది. అది నీకు అడ్డమనిపిస్తే మాత్రం ఇప్పుడే చెప్పు."

"అడ్డమెందుకవుతుందండీ! ఆ కమాను చూసే కదా పడిపోయాను" అన్నాడు లోవెల్. ఆ రోజుకి అతను అబద్ధం చెప్పలేదు.

డెల్ఫియా వేలికి ఉంగరం వచ్చింది, పెళ్ళి రోజు మాత్రం ఇంకా అనుకోలేదు. మార్పు ఎప్పుడు మొదలైందో ఆమెకి చెప్పడం కష్టం. ముందు అది సరదాగానే ఉంది. మైకులో, "ఈవిడగారు నాష్‌విల్‌ని కాదని మనల్ని కరుణించారండీ, ఒక చప్పట్ల దండ వెయ్యండి" అన్నాడు. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మరుసటి శనివారం మళ్ళీ అన్నాడు. ఆ మరుసటి శనివారం కూడా అన్నాడు.

తర్వాత ఆమె వాయించే ముక్కలు చిన్నవయ్యాయి. "పాట సాగదీసినట్టుంటోంది డెల్ఫీ, కాస్త కత్తిరిద్దాం." కత్తిరించింది. "నేను పాడేటప్పుడు మరీ పైకి పోకు." పోలేదు. ఆమె ఫిడేలుకి చప్పట్లు మొదలైతే, అవి ఆగకముందే అతను తరువాతి పాట ఎత్తుకునేవాడు. ఇంటికొచ్చాక అలమరలోంచి ఫిడేలు తీసి తాత నేర్పిన పొడుగాటి పాటలు వాయించబోయేది. అతను తమ ఇంటికి వస్తున్నట్టు బండి చప్పుడైతే లోపల పెట్టేసేది. ఎందుకు పెట్టేస్తోందో ఆలోచించేది కాదు.

అక్టోబరులో, కొండ మీద ఆకులు ఎర్రబడ్డాక, ఒక శనివారం పొద్దున వెర్నా రేడియోలో మార్లిస్ కొత్త పాట వచ్చింది. మధ్యలో ఫిడేలు. వెర్నా గుమ్మడికాయలు సర్దడం ఆపి, "ఆ వాయించే వాడెవడో గానీ, మన పిల్ల ముందు దిగదుడుపే" అంది గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. వాళ్ళ చూపు డెల్ఫియా మీద పడి, అక్కడి నుంచి లోవెల్ మీదికి జారింది.

ఆ రోజు మొదటి పాటకే తన ఫిడేలు తనకి వినిపించడం మానేసింది. మైకు చెడిందేమోనని వంగి చూసింది. చెడలేదు. ఎవరో తగ్గించారు. మైకుల శబ్దం పెంచే, తగ్గించే పెట్టె లోవెల్ కాలి దగ్గరే ఉంది.

విరామంలో షెడ్డు వెనకాల, తుప్పు పట్టిన రైలు పట్టాల దగ్గర అడిగింది.

"మైకెందుకు తగ్గించావు?"

"ఎక్కువ వినిపిస్తోంది."

"ఫిడేలు వాయించేది వినిపించడానికే."

"తెలుసు! నాకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. నిన్ను రమ్మన్నారు, నన్ను అక్కర్లేదన్నారు. నువ్వు నా కోసం ఆగిపోయావు. ఇప్పుడు జనం నన్నెలా చూస్తున్నారో చూశావు కదా? 'వీడి కోసమా!' అన్నట్టు."

"ఆ మాట నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు. అదే నా ఏడుపు. ఒక్కసారి కోపంలోనన్నా అని ఉంటే నేనూ ఒక మాట అని తేల్చేసుకునేవాణ్ణి. నువ్వేమో కత్తిరించమంటే కత్తిరించావు, తగ్గించమంటే తగ్గావు. నువ్వు తగ్గేకొద్దీ నేను ఇంకా చిన్నవాణ్ణైపోతున్నాను."

అతను పట్టాల మీద కూర్చుండిపోయాడు.

"నువ్వు వెళ్ళిపోయి ఉండాల్సింది, డెల్ఫీ. వెళ్ళిపోయి ఉంటే జన్మంతా నిన్నే ప్రేమిస్తూ ఉండేవాణ్ణి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నువ్వు కమాను ఎత్తితే నాకు కడుపులో మంట. అబద్ధం చెప్పడం చాతకావట్లేదు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయిన ఏడైతే తన చేత్తో తుడిచేది. ఇప్పుడు కూడా చెయ్యి సగం దాకా లేచింది.

"నాకు మెడ నొప్పేమీ లేదు, లోవెల్."

"తెలుసు. ఆ రోజే తెలుసు. తెలిసీ మళ్ళీ వెళ్ళమనలేదు."

ఇద్దరిలోనూ అంతకంటే నిజం ఇంకేం మిగల్లేదు.

"ఏమర్రా!" షెడ్డులోంచి వెర్నా కేక. "ముచ్చట్లు తర్వాత! జనం నిలబడ్డారిక్కడ!"

వెళ్ళారు. వెళ్ళక ఏం చేస్తారు? డెల్ఫియా ముందుగా అతని కాలి దగ్గరి పెట్టె మీదికి వంగి తన మైకు పెంచుకుంది. అతను చూసి ఊరుకున్నాడు. వాన రోజు పాట ఎత్తుకున్నాడు. ఈపాటికి దానికి చరణాలన్నీ వచ్చేశాయి. ఆమె వంతు రాగానే ఆమె కత్తిరించలేదు, తగ్గించలేదు. తాత నేర్పిన వంపులన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ వాయించింది. లోవెల్ గిటారు కాసేపు వెంట నడిచింది, తర్వాత వెనకబడింది, చివరికి ఆగిపోయింది. ఆమె ఆపలేదు. ఒక ముసలి జంట గుమ్మడికాయల మధ్య అడుగులు వెయ్యడం మొదలుపెట్టింది. చంటిపిల్లని ఎత్తుకున్న ఒక తల్లి కళ్ళొత్తుకుంది. చప్పట్లు ఆగేదాకా ఈసారి ఇంకో పాట మొదలవలేదు.

కిందికి దిగుతుంటే వెర్నా ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీ ఇద్దర్నీ అలా చూస్తుంటే నా కడుపు నిండిపోయిందే తల్లీ. పెళ్ళెప్పుడు?"

"అయిపోయింది, మిస్ వెర్నా."

"ఎప్పుడు? నాకు చెప్పకుండానే!" అని నవ్వబోయిన వెర్నా, దగ్గరగా ఆ పిల్ల మొహం చూసి చేతులు మెల్లగా దించేసింది.

లోవెల్ ట్రెయిలరు మీదే ఉన్నాడు, వైర్లు చుట్టుకుంటూ. డెల్ఫియా ఉంగరం తీసి అతని గిటారు పెట్టెలో, తీగల చుట్ట పక్కన పెట్టింది. అతను తల ఎత్తలేదు. ఆమె ఫిడేలు పెట్టె అందుకుని ట్రక్కు వైపు నడిచింది.

ట్రక్కు హోబర్ట్ నడిపాడు. నది మలుపు దాటాక, రోడ్డు మీదే చూపు పెట్టి అన్నాడు.

"మార్లిస్‌కి ఒకసారి ఫోన్ చేసి చూస్తావా?"

"అక్కడ చోటు లేదు నాన్నా. పొద్దున రేడియోలో విన్నారుగా."

"విన్నాను. బాగానే వాయిస్తున్నాడు. కానీ నీ అంత కాదు."

ఎప్పుడు ఎవరు ఆ మాటన్నా, 'ఊరుకోండి' అని నవ్వేసి లోవెల్ వంక చూడటం ఆమెకి అలవాటు. ఇప్పుడు పక్కన చూడటానికి కిటికీ తప్ప ఏమీ లేదు.

"కాదు," అంది డెల్ఫియా. "నా అంత కాదు."