పడమటి ద్వారం దగ్గర పిలుపు

చీకటి పడ్డాక పడమటి రాతి ద్వారం కింద ఎవరైనా పిలిస్తే పలకకూడదు. సొంత తల్లి గొంతే అయినా సరే. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలిసిన మాటే ఇది. కోట గోడలు ఎప్పుడో కూలిపోయాయి, ద్వారం ఒక్కటే మిగిలింది. పగలంతా దాని కిందనుంచి యాకులు, గాడిదలు, పెళ్ళివారు పోతూనే ఉంటారు. పొద్దు కొండ వెనక్కి దిగిందా... ఇక అటు కుక్క కూడా పోదు.

అక్కడ ఏముందో చూసినవాళ్ళు లేరు. విన్నవాళ్ళే ఉన్నారు. చచ్చిపోయిన అన్న గొంతుతో పిలిచిందని ఒకరంటారు. ఊళ్ళో లేని మొగుడి గొంతుతో పిలిచిందని ఇంకొకరు.

ఛిమీ ఆ చీకట్లో అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది.

ఆమె కూతురు నోర్జిన్, ఇంకా పాలపళ్ళయినా ఊడని పిల్ల, ఆ ద్వారం కింద గాడిద బెదిరితే జారిపడింది. దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి మాట లేదు, తిండి లేదు. గోడవైపు తిరిగి పడుకుని, అలాగే చిక్కిపోతోంది. లామా వచ్చి చెయ్యి పట్టుకుని చూశాడు.

"ఒళ్ళు ఇంటికొచ్చింది గానీ, జీవం దడుసుకుని అక్కడే నిలిచిపోయిందమ్మా. ఈ రాత్రే పిలుచుకురా. రేపటిదాకా ఆగదు."

తండ్రి వాంగ్యల్ ఉప్పు కోసం ఉత్తరాన సరస్సులకి పోయాడు. కోతలకి గానీ రాడు. ఇంట్లో ఛిమీ, ఆమె అత్తగారు, అంతే.

"పాప చొక్కా పట్టుకుని పేరుపెట్టి పిలువు," అంది అత్తగారు, కోడలి ముఖం మీదికి శాలువా లాగుతూ. "చొక్కా బరువెక్కితే వచ్చినట్టు. అక్కణ్ణించి మన గడప దాటేదాకా వెనక్కి చూడకు, నోరు విప్పకు. విప్పావా, బెదిరి పారిపోతుంది. మళ్ళీ రాదు."

"అలాగే అత్తయ్యా."

"కోడలిగా వచ్చిన రోజు నుంచి నీ నోరు మూతపడగా చూడలేదు నేను. ఇవ్వాళ ఒక్క పూట మూసుకో, నా తల్లివి కదూ." ఎగతాళిగానే అంది గానీ, శాలువా ముడి విప్పి మళ్ళీ బిగించింది.

ద్వారం కింద గాలి ఈల వేస్తోంది. ఛిమీ బార్లీ పిండి, వెన్న పెట్టిన గిన్నె రాతి మీద ఉంచింది. చొక్కా చాచింది.

"నోర్జిన్... రా తల్లీ... ఇక్కడ చలి. పొయ్యి వెచ్చగా ఉంది... ఇంటికి రా..."

ఏమీ లేదు.

"రా నాన్నా... అమ్మ వచ్చింది..."

గాలి ఆగిపోయింది. చేతుల్లో చొక్కా — నిద్రపోయే పిల్లని ఎత్తుకున్నట్టు — మెల్లగా బరువెక్కింది. ఛిమీ ఇంటివైపు తిరిగింది.

అప్పుడే వెనకనుంచి, ద్వారం అవతలనుంచి...

"ఎవరది? ఎవర్ని పిలుస్తున్నావ్?"

వాంగ్యల్ గొంతు!

ఆయన ఇప్పుడెలా వస్తాడు? ఇది ద్వారం పనే. ఛిమీ అడుగు ఆపలేదు. చొక్కా కింద జపమాల పూసలు తిప్పుతోంది, పెదవి కదపకుండా.

"ఆగు! నా బిడ్డ పేరు నీ నోట్లో ఎందుకుందే, దొంగదానా? ముఖం చూపించు!"

వడిసెల గిర్రున తిరిగిన చప్పుడు. రాయి వచ్చి భుజం మీద పడింది. ఛిమీ శాలువా అంచు పళ్ళతో కరిచిపట్టింది. కళ్ళు తిరిగే నొప్పిలోనే ఒకటి తట్టింది — దెయ్యానికి వడిసెలతో ఏం పని? వాంగ్యలే! తనని దెయ్యం అనుకుంటున్నాడు! ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతాడు. ఆ ఒక్క మాటతో బిడ్డా పోతుంది.

చొక్కాని గుండెకి హత్తుకుని, దాని మీదికి వంగి నడిచింది. ఇంకో రాయి మడమ పక్కన పడింది. మబ్బు తొలిగి వెన్నెల వచ్చింది. మళ్ళీ వడిసెల తిరిగింది...

తిరిగి, ఆగిపోయింది. రాయి రాలేదు.

గడప దాటింది. చొక్కా పాప మీద కప్పింది.

"వచ్చిందా?" అంది అత్తగారు.

"వచ్చింది," అని, అప్పుడు అరిచింది ఛిమీ, భుజం పట్టుకుని.

నోర్జిన్ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "అమ్మా... ఆకలి."

ముసలావిడ చేతులు నెత్తికెత్తి దణ్ణం పెట్టింది. అంతలో తలుపు తోసుకుని వాంగ్యల్ వచ్చాడు, ఉప్పు దుమ్ముతో.

"అయ్యో, నువ్వటే!"

"నేను గాక ఇంకెవరు?" ఛిమీ ఏడుస్తూ నవ్వింది. "కోతలకి వస్తానన్నారుగా!"

"మనసాగక బిడారుని వదిలి ముందొచ్చాను. పిలిస్తే పలకని ఛిమీ ఒకతె ఉంటుందని నాకేం తెలుసు?"

"పెళ్ళాన్ని రాళ్ళతో కొట్టుకుంటూ ఇంటికొచ్చే మగాణ్ణి నిన్నే చూశాన్రా," అంది తల్లి, గిన్నెలో జావ పోస్తూ. తలుపు గడియ వేసింది.

"మూడో రాయి ఎందుకు ఆపారు?" అడిగింది ఛిమీ.

వాంగ్యల్ నవ్వు ఆరిపోయింది. గొంతు తగ్గించాడు.

"వెన్నెల్లో పిల్లలు కనిపించారు... నీ అంగీ అంచు పట్టుకుని నడుస్తున్నారు. పిల్లల మీద ఎలా వేస్తాను?"

"పిల్లలా?"

"ఒకటి మన నోర్జిన్‌లాగే ఉంది. రెండోది... ఇంకా చిన్నది. చెప్పుల్లేవు."

పక్క మీద నోర్జిన్ రెండు గుక్కలు తాగి, గిన్నె పక్కకి చాపింది. తర్వాత తను గోడవైపు జరిగి చోటిచ్చింది.

ఆ ఖాళీలో గొర్రెతోలు, అందరూ చూస్తుండగా, కొంచెం కుంగింది.