మూతల పుస్తకం

మధ్యాహ్నం అన్నాలు అయిపోయి, కంచాలు కడగడం కూడా అయిపోయింది. కౌసల్య మాత్రం బడి వరండాలోని పుస్తకాల బల్ల ముందు నుంచి కదలలేదు.

కౌసల్య ఇస్నాపూర్ సర్కారు బడిలో ఐదో తరగతి. టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తే పిల్ల. 'తెల్వదు' అనే మాట ఆ నోటి నుంచి ఎవరూ విని ఎరగరు. అందుకే ప్రేమలత టీచర్ ఈ పని ఆమెకే అప్పగించింది. బడి ఆవరణలోనే ఉన్న అంగన్‌వాడీ చిన్నపిల్లల కోసం మూడు పుస్తకాలు ఎంచిపెట్టాలి. మామూలు పుస్తకాలు కాదు. బొమ్మ మీద చిన్న అట్టముక్క అతికించి ఉంటుంది. దాన్ని పైకెత్తితే కింద ఇంకో బొమ్మ దాక్కుని ఉంటుంది. అలాంటివి.

వాటిని ఫ్లాప్ పుస్తకాలంటారని టీచర్ చెప్పబోతుంటే, మాకు తెలుసు టీచర్ అని కౌసల్య మధ్యలోనే అందుకుంది. తెలియకేం! వాళ్ళమ్మ అరుణ అట్టపెట్టెలు చేసే కంపెనీలోనే పని చేస్తుంది. పెట్టె పైన మడిచే మూతల్ని అక్కడ అందరూ ఫ్లాపులనే అంటారు.

మూడు రోజుల కోసం బడి వరండాలో పుస్తకాల స్టాల్ పెట్టిన ఆవిడ, ముందుగా ఒక దళసరి పుస్తకం తీసి చూపించింది. అందులో నాలుగే బొమ్మలు. గంప, కుండ, తలుపు, దుప్పటి. నాలుగింటికీ నాలుగు మూతలు. కౌసల్య చకచకా నాలుగూ ఎత్తి చూసేసి, పుస్తకం పక్కన పెట్టేసింది. ఇంతేనా? ఇందులో ఏముంది చూడటానికి?

ఇంకో పుస్తకం తెరిచేసరికి మాత్రం కళ్ళు విప్పారాయి. పేజీ నిండా పెద్ద రైల్వేస్టేషన్. రైలు కిటికీలన్నీ తెరుచుకుంటాయి. టీ కొట్టు డ్రమ్ము, కూలీ నెత్తిమీది పెట్టె, కుక్క చెవి కూడా. గోరంత గోరంత మూతలు! కౌసల్య వేలితో లెక్కపెడుతూ పోయింది. యాభై రెండు. టికెట్ కౌంటర్ వెనక ఎలుక ఎందుకుంది? ఆ ఎలుక తర్వాతి పేజీలో ఎక్కడికి పోయింది? వెతికిన కొద్దీ ఇంకా వెతకాలనిపించింది. అలాంటివే మరో రెండు కూడా ఏరి పక్కన పెట్టుకుంది.

"ఇవి ఎవరికమ్మా?" అని అడిగింది స్టాల్ ఆవిడ.

అంగన్‌వాడీ పిల్లలకని కౌసల్య చెప్పింది.

"మరి వాళ్ళలో ఒక్కరినైనా వెంట తేలేదే?"

కౌసల్యకు నవ్వొచ్చింది. మూడేళ్ళ పిల్లలు! అక్షరం ముక్క రాదు, వాళ్ళొచ్చి ఏం చెప్తారు? కానీ పెద్దావిడ ముందు నవ్వితే బాగుండదని ఊరుకుంది.

ఆ సాయంత్రమే అంగన్‌వాడీలో కొత్త పుస్తకాల్లో మొదటగా రైల్వేస్టేషన్ పుస్తకం తెరిచారు. టీచరమ్మలాగా కౌసల్య మధ్యలో కూర్చుంది. చిన్నపిల్లలంతా చుట్టూ మూగారు. పుస్తకం పాడవుతుందని ఆమె దాన్ని ఎత్తి పట్టుకుంది. మూతలు తనే తీసింది, జవాబులూ తనే చెప్పింది. దీని కింద ఏముంది? పిల్లి! దీని కింద? అరటిపండు!

అందరికంటే ముందు కూర్చున్నది గుడియా. బిహార్ నుంచి వచ్చి ఇక్కడి కంపెనీలో పని చేసుకుంటున్న వాళ్ళ బిడ్డ. కౌసల్యవాళ్ళ ఇంటి పక్క గదిలోనే కిరాయికి ఉంటారు. మూడేళ్ళుంటాయి. తెలుగు ఇంకా రాదు. కానీ మూత అన్నది కనిపిస్తే చాలు, గుడియా ఊరుకోదు. బియ్యం డబ్బా మూత, పెన్ను మూత, పక్కవాళ్ళ టిఫిన్ మూత, అంగన్‌వాడీ ఆయమ్మ ముత్యమ్మ సంచి జిప్పు, ఏదైనా సరే తీయాల్సిందే. తీసి, లోపలికి తొంగిచూసి, "అరే!" అని ఆశ్చర్యపోయి, మళ్ళీ బుద్ధిగా మూసి పెట్టేస్తుంది.

అలాంటి పిల్ల ముందు యాభై రెండు మూతలు పెడితే ఏమవుతుంది? గుడియా మోకాళ్ళ మీద లేచి, రైలు కిటికీ మీద వేలు పెట్టింది. గోరు దూరలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి మూత మొత్తం పట్టుకుని లాగింది. పర్రుమని చిరిగి కిటికీ చేతిలోకి వచ్చేసింది.

కౌసల్య ఆ చిన్న చేతి మీద చెళ్ళున ఒక్కటి వేసింది.

గుడియా ఏడవలేదు. ముందు తన చేతిని చూసుకుంది. తర్వాత కౌసల్య ముఖం చూసింది. రెండు చేతులూ చంకల్లో దాచుకుని వెనక్కి జరిగి కూర్చుంది.

మర్నాడు నల్లా దగ్గర ముత్యమ్మ ప్రేమలత టీచర్‌తో చెబుతుంటే కౌసల్య చెవిన పడింది.

"పొద్దుగాల్నించి గా గుడియా ఏ మూత ముట్టలేదు టీచరమ్మా. నా సంచి కావాల్నని ముంగట పెట్టిన. సూసింది గని చెయ్యి తియ్యలే. గుడ్డు సుత నేనే తినిపించిన. పిల్లకేమైందో ఏమో."

కౌసల్య సీసాలో నీళ్ళు నిండి చేతి మీదుగా పారుతున్నాయి. ఏమైందో ఆమెకు తెలుసు. అన్నీ ముందే చెప్పేసే పిల్ల, ఆ ఒక్క సంగతి మాత్రం చెప్పలేకపోయింది. అంగన్‌వాడీ కిటికీలోంచి చూస్తే, గుడియా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి.

తప్పు నాది కాదు, చింపింది తనే కదా, అని కౌసల్య సాయంత్రం దాకా తనకు తానే చెప్పుకుంది. ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు.

అమ్మ డ్యూటీ దిగి రాగానే, అంగన్‌వాడీ నుంచి తెచ్చిన చిరిగిన పుస్తకం ముందు పెట్టింది. గుడియా ఎంత పని చేసిందో చూడమంది. తను కొట్టిన సంగతి మాత్రం మింగేసింది.

అరుణ చేతులు కడుక్కుని వచ్చి పుస్తకాన్ని వెలుగులో పెట్టి చూసింది. చిరిగిన చోట వేలితో తడిమింది. మిగిలిన మూతలు కూడా ఒకటి రెండు ఎత్తి చూసింది. కంపెనీలో పెట్టెల్ని తనిఖీ చేసినట్టే చూసింది.

"ఇక్కడ మడత గీత సరిగ్గ పడలే. వేలు పెట్టనీకె కటింగ్ గూడ లేదు," అన్నది. "గింత సన్న మూత గా పిల్లకెట్ల అందుతది? నా వేలికే అందుతలేదు."

మరి చింపితే తప్పు కాదా అని కౌసల్య గొణిగింది.

"తెరిచేటప్పుడు చినిగితే తెరిచినోళ్ళను అనం బిడ్డా. మా కాడ ముందుగాల పెట్టె చేసినోళ్ళను అడుగుతరు. ఎవలు తెరుస్తరో, ఆళ్ళ చెయ్యి ఎంతుందో సూస్కోలేదా అని."

కౌసల్య తన చూపుడువేలి వంక చూసుకుంది. గుడియా వేలు అందులో సగం ఉంటుందేమో. యాభై రెండు మూతలూ తన వేలితోనే లెక్కపెట్టింది, తన కళ్ళతోనే ముచ్చటపడింది. ఒక్కరినైనా వెంట తేలేదేమని స్టాల్ ఆవిడ ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గుడియాను కొట్టిన సంగతి కూడా అమ్మకు చెప్పేసింది. అరుణ తిట్టలేదు. ఆ పిల్ల చెయ్యి మళ్ళీ బయటికొచ్చేదాకా చూసుకునే పూచీ నీదే అన్నది.

మూడో రోజు పొద్దున్నే కౌసల్య ప్రేమలత టీచర్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"టీచర్, పుస్తకాలు నేను తప్పుగ ఎంచిన. అవి నాకు నచ్చినయి. చిన్నపిల్లల చేతులకు రావు." చిరిగిన పుస్తకం బల్ల మీద పెట్టింది. "గుడియాను కొట్టింది గూడ నేనే."

టీచర్ పుస్తకం తీసుకుని చూసింది. చిరిగిన రైల్వేస్టేషన్‌కు బట్ట పట్టీ అంటించి ఐదో తరగతి అలమరాలో పెడదామంది. ముట్టని రెండూ స్టాల్‌లో మార్చుకోవచ్చంది. కౌసల్య పరుగున వరండాలోకి వెళ్ళింది. స్టాల్ ఆవిడ అప్పటికే పుస్తకాలు కట్టలు కడుతోంది. నాలుగు మూతల దళసరి పుస్తకం ఉందా అని అడిగి, ముందు ఒకరికి చూపించి తెస్తానని బతిమాలి తీసుకుంది.

ఈసారి కౌసల్య దాన్ని పరీక్షగా చూసింది. మూతలు అరచేయంత ఉన్నాయి. అంచున వేలు దూరేలా అర్ధచంద్రంలా కోసి ఉంది. మడత దగ్గర లోతుగా గీత పడి ఉంది. అమ్మ చూస్తే పాస్ చేసేస్తుంది.

అంగన్‌వాడీలో గుడియా గోడ పక్కనే ఉంది. కౌసల్యను చూడగానే చేతులు ఇంకా లోపలికి ముడుచుకుంది. కౌసల్య దూరంగా చాప మీద కూర్చుని, గంప బొమ్మ ఉన్న పేజీ తెరిచి నేల మీద పెట్టింది. తర్వాత తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ఇద్దరూ అలా కూర్చున్నారు. మధ్యలో పుస్తకం. తీసే చెయ్యి ఒక్కటీ లేదు. కౌసల్యకు చేతులు దురద పెట్టాయి, అయినా బిగబట్టుకుంది.

గుడియా కొంచెం జరిగింది. మరికొంచెం జరిగింది. మూత అంచు కాస్త పైకి లేచి ఉంది. దాని వంక చూసింది, కౌసల్య వీపు వెనక ఉన్న చేతుల వంక చూసింది. వంగి ఉఫ్ మని ఊదింది. మూత కదిలి మళ్ళీ పడిపోయింది. ఇంకా వంగి ముక్కుతో ఎత్తబోయింది. ముక్కు జారింది. కౌసల్య పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

అప్పుడు చంకలోంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. చిన్న వేలు అర్ధచంద్రంలో దూరింది. మూత హాయిగా లేచింది. గంప కింద మూడు కోడిపిల్లలు.

"అరే!"

తలుపు దగ్గర గిన్నెలు సర్దుతున్న ముత్యమ్మ ఆ మాట విని వెనక్కి తిరిగింది.

గుడియా మూత బుద్ధిగా మూసింది. మళ్ళీ తీసింది, మళ్ళీ మూసింది. పేజీ తిప్పి కుండ మూత మీద వేలు పెట్టింది. తలెత్తి కౌసల్యను చూసింది.

"దీదీ, ఇస్‌మే క్యా హై?"

ఇందులో ఏముందని అడుగుతోంది. కౌసల్యకు తెలుసు. కుండలో ఉన్నది పిల్లి, తలుపు వెనక ఉన్నది తాత, దుప్పటి కింద ఉన్నది పాప. జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది.

"తెల్వదు గుడియా," అన్నది కౌసల్య. "నువ్వే తీసి సూపియ్యి."

గుడియా మూత ఎత్తింది. ఇద్దరూ తలలు వంచి లోపలికి చూశారు.