చిల్లుల అట్ట

దర్జీ ఆ పొద్దున కూడా మిషను ముందు కూర్చోకముందే కూతురి ఎదుట కూర్చున్నాడు. పన్నెండేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. గింజంత తిండి, గంపెడు కబుర్లు. ఇంకో పది రోజుల్లో అన్ని బళ్ళకీ కలిపి పెట్టే పరీక్ష. అందులో గట్టెక్కితేనే పెద్ద బళ్ళో సీటు. లేకపోతే లేదు, అంతే!

పుస్తకంలో పది నమూనా పరీక్షలున్నాయి. ఒక్కోదాంట్లో యాభై ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు జవాబులు. సరైనదాని పక్కనున్న సున్నాని పెన్సిల్‌తో నింపాలి. దర్జీ కొలతలు గీసే అట్టలు తీసి, వెనక పేజీలోని జవాబులు చూసి, సరైన సున్నా ఉన్నచోటల్లా చిల్లులు పొడిచాడు. పరీక్షకొక అట్ట. ఆ వెనక పేజీ చించేసి దాచి, అట్టలు బీరువాలో పెట్టాడు. పిట్ట నింపిన కాగితం మీద అట్ట పరిచి చూసేవాడు. చిల్లులో నలుపు కనిపిస్తే మార్కు, తెలుపు కనిపిస్తే తప్పు. నెల రోజులుగా తెలుపన్నదే లేదు. "మా పిట్టకి యాభైకి యాభై" అని కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఊదరగొట్టేశాడు.

ఆ పొద్దున పిట్ట సంచిలోంచి పుస్తకం తీస్తుంటే, బళ్ళో పెట్టిన పరీక్ష కాగితం జారిపడింది. యాభైకి పదిహేడు.

దర్జీ లేచి, భార్యనడిగి బీరువా తాళం తెచ్చుకున్నాడు. బీరువాలోంచి అట్టలు తీసి కిటికీ వెలుతురులో పెట్టాడు. ప్రతి చిల్లు అంచునా పెన్సిల్ మసి. అట్ట పరిచి, చిల్లుల్లోంచే నింపేసింది పిల్ల! బీరువా తాళమేమో భార్య దగ్గరుంటుంది.

"ఏమే! తాళం నువ్వే ఇచ్చావా?"

వంటగదిలోంచి వచ్చిన భార్య తల దించుకుంది. "ఇచ్చానండీ."

"తల్లీకూతుళ్ళు కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట! బయటివాళ్ళు మోసం చేస్తే పోనీలే అనుకుందును. నా ఇంట్లో, నా అట్టతో!"

"మొదటిసారి దానికి పన్నెండొస్తే, రెండు రోజులు మాతో మాట్లాడారా మీరు? కంచం తోసేసి లేచిపోయారు. అది గోడకేసి తిరిగి కూర్చుంది. తప్పు నాదే. ఇంట్లో మళ్ళీ నవ్వులుంటే చాలనుకున్నాను."

"అందుకని దొంగపని నేర్పుతావా?"

"అమ్మనేం అనకు నాన్నా," అంది పిట్ట ఏడుస్తూ. "ఎందుకు తప్పయిందని ఆ రోజే నిన్నడిగాను. అట్ట తప్పంటే తప్పే అన్నావు. ఎందుకో చెప్పలేదు."

దర్జీ అట్టలు కింద పెట్టాడు. తెలిస్తేగా చెప్పడానికి! ఆ ప్రశ్నల్లో ఒక్కటీ ఆయన చదవలేదు. తను ఐదో తరగతితో బడి మానేశాడని కూతురికి తెలియకూడదనే ఆ చిల్లులు పొడిచాడు. వీళ్ళు నెల రోజులు దాచారు. తను పన్నెండేళ్ళుగా దాస్తున్నాడు.

"నాకు రాదమ్మా," అన్నాడు చివరికి. "ఐదుతో ఆపేశాను. రాకే చెప్పలేదు."

పిట్ట తెల్లబోయి చూసింది. "ముందే చెప్పొచ్చుగా నాన్నా!"

"మీ ఇద్దరి మీదా నాకింకా మంటగానే ఉంది. అది తర్వాత. ఆ పదిహేడు కాగితం ఇలా తే. మొదటి తప్పు చదువు. నాకు అర్థమయ్యేదాకా చెప్పు."

పిట్ట ముక్కు తుడుచుకుని చదివింది. లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. "అయ్యో, ఇక్కడ తప్పాను నాన్నా!"

"విప్పు," అన్నాడు దర్జీ కళ్ళు ఒత్తుకుంటూ. "విప్పి మళ్ళీ కుట్టు. తొందరేం లేదు."